యంత్రాల ముచ్చట్లు: కమానుకు ఊయెల

కోరాపుట్ కొండల్లో తోట ఉన్న సోదరుడొకరు జాబు వ్రాశారు. వారిది పాత మారుతి జిప్సీ. నాలుగు చక్రాలకూ కమాన్లే. రాళ్లెక్కే పోటీబండ్లకు వేసే రకాలు చూసివచ్చిన అబ్బాయి, షాకిళ్లు పీకించి అవి వేయిద్దామంటున్నాడట. ఆ బండిలోనే మనవలు బడికి దిగుతారట. “డబ్బు ఇవ్వమంటారా?” అని ప్రశ్న.

కమాను కట్ట విల్లులా వంగి ఉంటుంది గదా. బరువు పడితే చదునై పొడవు సాగుతుంది. రెండు చివరలూ బిగించేస్తే ఆ పొడవు ఎక్కడికి పోవాలి? అందుకని ఒక చివరను పిన్నుతో చట్రానికి బిగించి, రెండోదాన్ని రెండు ఇనుపరేకుల ఊయెలకు తగిలిస్తారు. అదే షాకిల్. చక్రం లోతు గోతిలోకి దిగినప్పుడు ఈ ఊయెల కొంతవరకే ఊగి ఆగిపోతుంది, చక్రం గాలిలో వేలాడుతుంది. అబ్బాయి బాధ అదే.

దానికి మడత షాకిల్ ఉంది. గోతిలో మడత విచ్చుకొని చక్రాన్ని మరికాస్త దింపుతుంది. బాగానే ఉంది. కాని బండి కొండవాలుకు అడ్డంగా పోతున్నప్పుడు ఎగువ చక్రంమీద బరువు తేలిపోతుంది. అప్పుడూ అది విచ్చుకొంటుంది. బండి లోయవైపు ఇంకా ఒరుగుతుంది. కోరాపుట్ దారుల్లో నాకిది బొత్తిగా నచ్చదు.

రెండోది జారుడు పెట్టె. కమాను చివర పెట్టెలో ముందుకూ వెనక్కూ జారుతుంది. ఇదేమీ కొత్త వింత కాదు. పెద్ద లారీల వెనక కమాన్ల చివరలు షాకిల్ లేకుండా ఆనికమీద జారడం ఎప్పటినుంచో ఉన్నదే. అయితే బురద, ఇసుక చేరితే అరుగుతుంది, చప్పుడు మొదలవుతుంది.

ఇక కమానే తీసేసి చుట్ట స్ప్రింగు వేయడం. ల్యాండ్‌రోవరు 1983లో, జీప్ రాంగ్లరు 1997 నమూనాలో, మన థార్ వెనుకభాగాన 2020లో ఆ దారి పట్టాయి. కాని కమాను బరువు మోయడంతో ఊరుకోదు, ఇరుసు అటూ ఇటూ పోకుండా పట్టుకుంటుంది కూడా. చుట్ట స్ప్రింగుకు ఆ పని చేతకాదు. కడ్డీలు కావాలి, చట్రానికి వెల్డింగు కావాలి. అది కర్మాగారం చేయవలసిన పని, వీధి చివరి షెడ్డుది కాదు. పైగా తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పదు.

పొడవాటి షాకిల్ చౌక అని చెప్పేవారూ ఉంటారు. రెండంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు ఒక అంగుళమే. షాకిల్ ముందువైపు ఉన్న బండ్లలో ముందు ఇరుసు కోణం తిరిగి, స్టీరింగు తిన్నగా నిలవదు.

సోదరా, ముందు పాత బుష్షులు, పిన్నులు చూడండి. బండి కింద జాక్ పెట్టి, కమాను కన్ను దగ్గర గడ్డపార ఆనించి కదపండి. లొడలొడలాడితే మార్పించండి. రబ్బరు బుష్షులకు మామూలు గ్రీజు పూయనివ్వకండి, రబ్బరు ఉబ్బి చెడుతుంది. ఇంకొక్క సంగతి చాలామంది మెకానిక్కులు మరుస్తారు: షాకిల్ బోల్టుల ఆఖరి బిగింపు బండి నాలుగు చక్రాలమీద నిలిచాకే. జాక్ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి కొద్ది నెలల్లో చిరుగుతుంది. మీరు పక్కన నిలబడి చేయించండి.