అలవాటైన రొద

రైలు పట్టాల పక్కన కాపురముండేవారినీ, కల్యాణ మండపం పక్కింట్లో అద్దెకు దిగినవారినీ పలకరిస్తే వచ్చే సమాధానం ఒకటే: "మొదట్లో ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయిందండీ." ఈ మాటను నేను నమ్మను. అలవాటు పడేది చెవి మాత్రమే. మనసుకు పడే శ్రమ అలాగే ఉంటుంది, అది మనకు తెలియదంతే.

న్యూయార్కు మన్‌హటన్‌లో పబ్లిక్ స్కూల్ 98 అనే బడి ఉంది. దానికి ఒక పక్కగా, ఎత్తైన వంతెన మీద రైళ్ళు పోతుంటాయి. రైలు వెళ్ళేదాకా ఉపాధ్యాయులు పాఠం ఆపవలసి వచ్చేది. ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహపరిశోధకుడితో కలిసి ఆ బడి పిల్లల పఠన సామర్థ్యాన్ని పరీక్షించి, 1975లో ఫలితాలు ప్రకటించారు. బడి ఒకటే. తేడా అల్లా తరగతి గది ఏ వైపున ఉన్నదన్నదే. పట్టాల వైపు గదుల్లోని పిల్లలు అవతలి వైపు వారికన్నా వెనుకబడ్డారు. ఆరవ తరగతికి వచ్చేసరికి ఆ అంతరం సుమారు ఏడాది! తరువాత పట్టాల కింద రబ్బరు దిమ్మలు అమర్చారు, గదుల కప్పులకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగించారు. 1981 నాటి రెండో పరిశీలనలో ఆ అంతరం కనబడలేదు.

అంటే, లోపం పిల్లల బుర్రల్లో లేదు. మన దగ్గరైతే వారికి మొద్దులన్న పేరు ఎన్నడో స్థిరపడిపోయి ఉండేది.

1992లో మ్యూనిక్ విమానాశ్రయాన్ని మరో చోటికి తరలించినప్పుడూ ఇదే తేలింది. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లల జ్ఞాపకశక్తి, పఠనం మెరుగుపడ్డాయి. కొత్తదాని దగ్గరి పిల్లలవి దెబ్బతిన్నాయి.

అన్ని శబ్దాలూ ఒకటి కావు. పంకా రొద ఏకధాటిగా సాగుతుంది కనుక మనసు దాన్ని పక్కన పెట్టగలదు. మాటలను అలా పెట్టలేదు. అంకెల వరుసను గుర్తుంచుకోమని చెప్పి పక్కన మాటలు వినిపిస్తే తప్పులు పెరుగుతాయని 1976 నుంచీ ప్రయోగాలు చెబుతున్నాయి. ఆ మాటలు తెలియని భాషవైనా, మెల్లగా వినిపించినా సరే! ఇక తెలిసిన భాషలో, అత్తాకోడళ్ళ తగువు పక్క గదిలోని టీవీలోంచి వినవస్తుంటే, ఎక్కాలు వల్లించే పిల్లవాడి గతేమిటో మీరే చెప్పండి. కాఫీ హోటలు సందడిలోనే కవిత్వం వస్తుందనేవారితో నాకు పేచీ లేదు. ఊహకు సందడి సాయపడుతుందేమో గానీ, కంఠస్థానికి పడదు.

మనకు చట్టం లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద, నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన బడి చుట్టూ 100 మీటర్ల మేర పగలు 50 డెసిబెళ్ళు మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు నిషిద్ధం. కానీ పదవ తరగతి పిల్లలు చదువుకునేది రాత్రి పదికి ముందే కదా! పెళ్ళిళ్ళ మైకులూ అప్పుడే మోగుతాయి. పైగా చట్టం కొలిచేది డెసిబెళ్ళను, గోడ దాటి వచ్చే మాటలను కాదు.

బడి కట్టేవారిని నేను అడిగేది ఒక్కటే. మెట్లూ, కార్యాలయమూ, సామాను గదీ రోడ్డు వైపున పెట్టి, తరగతి గదులను వెనక్కి జరపండి. నక్షా గీసేటప్పుడు ఇందుకు అదనంగా అయ్యే ఖర్చేమీ ఉండదు. ఇప్పటికే కట్టేసిన బడులలో, కనీసం చిన్న తరగతులనైనా రోడ్డుకు దూరంగా ఉన్న గదుల్లోకి మార్చవచ్చు.