చెరుకు లేని హేమంతం



మన ప్రబంధకవులు వసంతానికి వేసిన పీట హేమంతానికి వేయలేదని విద్యార్థి దశనుండీ నాకొక ఫిర్యాదు. ఆముక్తమాల్యదలో రాయలవారి వర్షర్తు వర్ణన జగత్ప్రసిద్ధం. మంచుకాలమో, ఎక్కువచోట్ల విరహిణుల వంకతో నాలుగు పద్యాలలో ముగిసిపోతుంది. ఆ కవులలో ఎవరూ బోధన్ ప్రాంతంలో ఒక చెరుకు కారు గడిపినట్లు కనబడదు. గడిపివుంటే లెక్క వేరుగా ఉండేది.

ఇందూరు సీమలో చలికాలమంటే కార్తీకం నుండి మొదలయ్యే ఒక తీపి. తెల్లవారుజామున మంచులో ఎద్దులబండ్ల వరుస, బండికొక కందిలి, వరుస కదలనప్పుడు చెరుకు ఆకు పోగేసి వేసుకొన్న చలిమంటలు, ఆ మంటలచుట్టూ కంబళ్లు కప్పుకొన్న బండివాళ్ల కబుర్లు. వెనుకనుండి గడలు లాగే పిల్లలను అదిలించడం కూడ ఆ కబుర్లలో భాగమే గాని నిజమైన కోపం కాదు. శక్కర్‌నగర్ వైపునుండి గాలి మళ్లినప్పుడు మొలాసిస్ వాసన ఊరంతా కమ్మేది. కొత్తగా వచ్చినవారు ముక్కు మూసుకొనేవారు; మాకది పంట చేతికి వస్తున్న వాసన. ఇంట్లో జొన్నరొట్టె, ఉడికించిన అనపకాయలు, సంక్రాంతి దగ్గరపడుతున్నకొద్దీ సకినాల పిండిలో పడే నువ్వులు. ఎండ ఎక్కేదాకా అరుగుమీద కూర్చోవడానికి ఎవరూ ఏ సాకూ చెప్పనక్కరలేని కాలమది.

చెరుకుకూ చలికీ ఉన్న చుట్టరికం కవిసమయం కాదు. చలి ముదిరేకొద్దీ మొక్క ఎదుగుదల మందగిస్తుంది. ఆకు తయారుచేసిన చక్కెర ఎదుగుదలకు ఖర్చు కాక గడలో నిలువ ఉంటుంది. కొట్టిన తరువాత ఆలస్యమైన ప్రతి పూటకూ ఆ తీపి తరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీ దగ్గరలో ఉండాలి, బండి వేళకు చేరాలి. మాట చరిత్ర కూడ ముచ్చటైనదే. సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి, ఇసుకరేణువు. అదే మనకు చక్కెర, పారసీకంలో శకర్, అరబ్బీ మీదుగా ఐరోపాకు పోయి షుగర్. మా పల్లెజనం ‘శక్కరి’ అంటారు. పట్నవాసులు నవ్వుతారు గాని వ్యుత్పత్తి దృష్ట్యా ఆ ఉచ్చారణలో దోషమేమీ లేదు.

మా ఇంటావిడ బోధన్ పక్క పల్లె ఆడబిడ్డ. ఆమె తండ్రి ఫ్యాక్టరీకి చెరుకు తోలిన రైతు. యాభై దాటినా ఆమె గడను పంటితోనే చీల్చేది. కత్తితో ముక్కలు కోసి పళ్లెంలో పెడితే అది రోగులు తినే పద్ధతి అనేది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు చోట్లా గానుగ ఆపివేసినప్పుడు, మా వరండాలో పెద్దమనుషులు చేరి ఏ ప్రభుత్వం తప్పెంత అని పంచుకొంటున్నారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటువారికిచ్చి 49 శాతం తనవద్ద ఉంచుకొన్న నాటి ప్రభుత్వం ఒకరికి దోషి, 2014లో మాటయిచ్చిన ప్రభుత్వం మరొకరికి దోషి. చాయ తెచ్చిన ఆమె గిన్నెలు దించుతూ, “గేటు బందయింది గేటు బందయింది అంటున్నరు గని, చెరుకు బందయితున్నదని ఒక్కరన్నా అంటున్నరా?” అన్నది. ఎవరూ జవాబు చెప్పలేదు. 2017 సంక్రాంతికి వారం ముందు ఆమె కాలం చేసింది. ఆ యేడు సకినాలకు నానబోసిన బియ్యం అట్లాగే ఉండిపోయాయి. దానినిగూర్చి ఇంతకంటె వ్రాయలేను.

ఆమె అడిగిన ప్రశ్నను మాత్రం వదలలేదు. నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీరను కట్టి కాలువలు తవ్వించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఫ్యాక్టరీ నెలకొన్నది 1937లో. ముందు నీరు, నీటివెంట చెరుకు, చెరుకు వెంట గానుగ. నిజాం పాలనపై నాకు భ్రమలు లేవు. దాశరథిగారిని ఇదే ఇందూరు జైలులో బంధించిన పాలన అది. అయినా ఆ వరుస సరియైన వరుస. 2014లోనూ 2023లోనూ ఎన్నికల సభలలో వినబడినది తలక్రిందుల వరుస: ముందు గేటు తెరిపిస్తాము. 2024 జనవరిలో పునరుద్ధరణకు సంఘం కూడ ఏర్పడింది. సంఘాలను నేను తృణీకరించను. కాని నాటిన చెరుకు కొట్టడానికి ఏడాది పడుతుంది. ఈ చలికాలంలో పెట్టిన గడ వచ్చే చలికాలానికి గాని గానుగకు రాదు. అంటే చెరుకు పెట్టే రైతు ఏడాది ముందుగానే నమ్మకం మదుపు పెడుతున్నాడన్నమాట. ఆ నమ్మకం ఒకసారి పోయినచోట గేటు తెరిస్తే యంత్రాలు కనబడతాయి, బండ్లు రావు.

వరితో పోల్చి చూడండి. నాలుగు నెలల పంట. 2018 జనవరి నుండి సేద్యానికి ఇరవైనాలుగు గంటల కరెంటు. ఊరిలోనే కొనుగోలు కేంద్రం, మద్దతుధర, సన్నాలకు 2024 వానకాలం నుండి క్వింటాలుకు 500 రూపాయల బోనస్. చెరుకు వదలి వరికి పోయిన రైతును తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. చెరుకు నీళ్లు తాగే పంట, పోతే పోనీ అనే వాదం విన్నాను. దానికి బదులుగా రెండు కార్లూ వరి పెట్టి నీళ్లు మిగిల్చామనుకోవడం వింత పొదుపు.

పసుపు రైతుల కథ వేరు. 2019 లోక్‌సభ ఎన్నికలలో వారు వందలకొద్దీ నామినేషన్లు వేశారు. నిజామాబాదులో 185 మంది అభ్యర్థులు నిలిచి, ఓటింగు యంత్రాలను బారులు తీర్చవలసి వచ్చింది. 2025 సంక్రాంతినాడు పసుపు బోర్డు ప్రారంభమైంది. బోర్డు ఎంత మేలు చేస్తుందో అన్నది వేరే చర్చ. చెరుకు రైతు అట్లా గొడవ చేయలేదు. మౌనంగా మోళ్లు పెకలించి దమ్ముచేసి నాట్లు వేసుకొన్నాడు. మన రాజకీయంలో మౌనంగా వెళ్లిపోయినవాడికి లెక్క లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. తెరిచే తేదీ ప్రకటించకండి. నాట్లకు ముందు, అనగా పుష్యమాసం లోపల, ధర ప్రకటించండి. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గడ అప్పజెప్పిన 14 రోజులలో సొమ్ము చెల్లించాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. చట్టం కొత్తగా చేయనక్కరలేదు. ఆ 14 రోజులకు ప్రభుత్వం తాను పూచీ పడతానని ప్రతి గ్రామపంచాయతీ గోడమీద వ్రాయించాలి. 2025-26 కారుకు కేంద్రం క్వింటాలుకు 355 రూపాయలు నిర్ణయించింది; దానిమీద రాష్ట్రం ఏమి కలుపుతుందో అదే గోడమీద వ్రాయాలి. రెండు చలికాలాలు ఈ మాట నిలిస్తే గేటుసంగతి దానంతటదే తేలుతుంది.

ఇదంతా మొన్న మా బావమరిదికి చెప్పాను. ఆయన ఇప్పుడు పూర్తిగా వరి. ఒడ్డువెంట ఇంటిమందానికి రెండు సాళ్ల చెరుకు మాత్రం ఉంచుకొన్నాడు. చాలాసేపు విని, “రాసిచ్చినంక రెండెకరాలు పెడత బావా, మొదటి యేడు. పైసలొస్తె మిగతాది అప్పుడు సూద్దాం” అన్నాడు. ఆయనకున్నది ఎనిమిదెకరాలు.