టేపు నమిలిన పాట



చాలా రోజుల తరువాత టపా రాస్తున్నాను. ఈసారి ఛందస్సు గురించి కాదు, శబ్దం గురించి. తెలుగు పండితుడికి శబ్దమంటే వ్యాకరణమే కదా అని నవ్వకండి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని పాటను రికార్డు చేయడం గురించి, ఆ పాటకు ఇప్పుడు వేస్తున్న ఒక వేషం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

నేనుండేది మేడారం. ఒకప్పుడు వరంగల్లు జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతర. ఒకప్పుడు జాతర దుకాణాల్లో బెల్లం దిమ్మెల పక్కనే పాటల క్యాసెట్లు అమ్మేవారు. నేడు ఆ పాటలు యూట్యూబులో వస్తున్నాయి. వాటిలో ఇంటి గదుల్లో తయారైనవీ ఉన్నాయి.

హనుమకొండలో మా మేనల్లుడికి అలాంటి గది ఒకటుంది. గోడలకు దుప్పట్లు, ఒక మైకు, ఒక కంప్యూటరు. 2024 ఫిబ్రవరి జాతరకు ముందు నాకొక పాట వినిపించాడు. డోలు, కొమ్ము, ఒక ఆడగొంతు. వెనుక సన్నని బుస. ఒకచోట శ్రుతి కాస్త జారి మళ్ళీ నిలదొక్కుకుంది.

"ఎప్పటి క్యాసెట్టురా ఇది?" అన్నాను.

"పోయిన వారం పాడించిందే మామయ్యా" అన్నాడు నవ్వుతూ.

అతడు వాడింది టేపును అనుకరించే సాఫ్టువేరు. జతిన్ చౌదరి అనే ఆయన సోనీ టీసీ-260 అనే పాత రీలు యంత్రం నడకను గణితంలోకి దింపి, చౌ టేప్ మోడల్ అనే పేరుతో ఉచితంగా ఇచ్చాడు. కొనుక్కునేవీ ఉన్నాయి. బీటిల్స్ బృందం 1967 నాటి సార్జెంట్ పెప్పర్ రికార్డును చేసిన స్టూడర్ జె37 యంత్రానికి వేవ్స్ సంస్థ నమూనా తయారుచేసింది.

ముందు నాకు కోపం వచ్చింది. కొత్త కాగితాన్ని టీనీళ్ళలో ముంచి పాత దస్తావేజు అన్నట్టుంది ఈ వ్యవహారమని తిట్టాను. వాడు నొచ్చుకోలేదు. అనుకరణను తీసేసి అదే పాటను మళ్ళీ వినిపించాడు. డోలు దెబ్బ చెవిలో మేకు దిగినట్టుంది. గొంతు ఒక పక్క, వాద్యం ఒక పక్క. మళ్ళీ పెట్టాడు. రెండూ ఒకే గుడిసెలో కూర్చున్నట్టు కలిసిపోయాయి.

కారణం వాడే చెప్పాడు. టేపంటే ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పూత. ఆ రేణువులు ఒక హద్దు దాటి అయస్కాంతత్వాన్ని పుచ్చుకోలేవు. పెద్ద దెబ్బ పడినప్పుడు దాని కొన మొద్దుబారుతుంది, అసలు స్వరంతో పాటు కొత్త అనుస్వరాలు పుడతాయి. మన చెవి దానినే వెచ్చదనమనుకుంటుంది. కంప్యూటరుకు ఆ మెతకదనం లేదు. హద్దు దాటితే కొనను కత్తిరించినట్టు కోసేస్తుంది. లోపమే గుణమైన సందర్భమిది.

అప్పుడు మా అలంకారశాస్త్రం గుర్తొచ్చింది. క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలోనే ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. నగ ఎంత మంచిదైనా మొలనూలును మెడలో వేసుకుంటే లోకం నవ్వుతుంది. డోలు దెబ్బను మెత్తబరచి గొంతుతో కలపడం ఉచితాలంకారం. అందులో నాకు పేచీ లేదు. నిన్నటి పాటకు బుస తగిలించి, శ్రుతిని వణికించి, నలభై ఏళ్ళ వయసు అంటగట్టి వదలడం మాత్రం వేషం. వినేవాడు దానిని అడవిలో దొరికిన పాత గొంతనుకుంటాడు. నేను అనుకోలేదా?

ఇంతవరకైతే ఇది అభిరుచుల తగవు. నన్ను కలతపెట్టింది ఆ తరువాత జరిగింది.

నా పెట్టెలో ఒక క్యాసెట్టు ఉండేది. ఇక్కడ బడిలో పని చేసే రోజుల్లో, 1994లో, ఒక కోయ అవ్వ పాడిన సమ్మక్క కథను నా టేప్‌రికార్డరులో పట్టుకున్నాను. చిలకలగుట్ట నుంచి తల్లి దిగివచ్చే ఘట్టం. ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ వరుసలో పాడే మరొకరు నాకు తెలియదు. కోయ డోలితో ఈ కథను పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయనా కన్నుమూశారు. ఇలాంటి గొంతుల వెనుక రాతప్రతులు ఉండవు. గొంతే గ్రంథం.

ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించమని మేనల్లుడికి ఇచ్చాను. ఎక్కడో సంపాదించిన పాత ప్లేయరులో పెట్టాడు. టేపును లాగే రబ్బరు చక్రం ఏళ్ళ తరబడి వాడక గట్టిపడి ఉంది. నాలుగో నిమిషంలో పాట మూలిగింది, ఆగింది. మూత తీసి చూస్తే టేపు చక్రానికి చుట్టుకుని నలిగిపోయి ఉంది. పెన్సిలు పెట్టి తిప్పి సరిచేశాం కానీ, తల్లి గుట్ట దిగే రెండు చరణాలు పోయాయి. మాటలు నాకు కొన్ని గుర్తున్నాయి. వరుస గుర్తులేదు.

తిరిగి చూస్తే కంప్యూటరు తెరమీద ఆ సాఫ్టువేరు ఇంకా తెరిచే ఉంది. అందులో 'చ్యూ' అనే ఒక విభాగం ఉంది. టేపును యంత్రం నమిలితే వచ్చే శబ్దాన్ని అనుకరించడం దాని పని. అక్కడ నమలడం ఇష్టం లేకపోతే గుండీ వెనక్కి తిప్పితే చాలు. ఇక్కడ తిప్పడానికి గుండీ లేదు.

తప్పు వాడిది కాదు. ముప్పై ఏళ్ళు ఆ క్యాసెట్టును పెట్టెలో పెట్టి, నేనేదో భద్రపరుస్తున్నానని మురిసినవాణ్ణి నేను. పాతదనం మీద మోజు వాడికుంది, పాతదాని మీద మమకారం నాకుంది. పాతదానిని నిలబెట్టే పని మాత్రం ఇద్దరమూ చేయలేదు.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇలాంటి క్యాసెట్లుంటాయి. తాతగారి హరికథ, అమ్మ మంగళహారతి, ఊరి భాగవతం. అయస్కాంత టేపులను వినిపించే యంత్రాలు, విడిభాగాలు, బాగుచేసేవాళ్ళు కనుమరుగవుతున్నారని యునెస్కో 2019లోనే ప్రత్యేకంగా హెచ్చరించింది. కనుక ముందు ప్లేయరు రబ్బరు చక్రాన్ని చూడండి, హెడ్డును స్పిరిటుతో తుడవండి, పనికిరాని క్యాసెట్టుతో పరీక్షించండి. ఆ తరువాతే అసలుది పెట్టండి. 96 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో ఎక్కించండి. బుస తీయకండి, వెచ్చదనం పూయకండి. ఆ ప్రతి మూలప్రతి. దాని మీద చేయి వేయకుండా నకలు తీసి, నకలుకు మీ ఇష్టమైన నగలు పెట్టుకోండి. నగ పెట్టానని కింద ఒక్క మాట రాయండి. మూలానికి, వ్యాఖ్యానానికి తేడా తెలియాలని మా గురువులు నేర్పారు, శబ్దానికీ అదే న్యాయం.

మా మేనల్లుడు ఇప్పుడు కొత్త పాటలకు డోలు దెబ్బ వరకే ఆ సాఫ్టువేరు వాడుతున్నాడు, బుస తగిలించడం మానేశాడు. అవ్వ పాటలో మిగిలిన ఇరవై ఆరు నిమిషాలు మూడు చోట్ల దాచాం. నాలుగో నిమిషం దగ్గర పాట నలిగి తెగిపోతుంది. అక్కడ అతుకు వేస్తానన్నాడు. వద్దన్నాను.

మీ పెట్టెల్లో ఏమున్నాయో వ్యాఖ్యల్లో చెప్పండి. చెప్పేముందు, ఒకసారి తెరిచి చూడండి.