షాపు ఊళ్ళో, నిర్ణయం జిల్లా కేంద్రంలో
మద్యం లైసెన్సుల్లో గ్రామసభ మాటకు చోటేది?

నెల్లూరు: వీధి దీపం ఏ మలుపులో వెలగాలో, చెత్త ఊరికి ఏ దిక్కున పోయాలో నిర్ణయించే అధికారం గ్రామ పంచాయతీకి వున్నది. అదే గ్రామంలో బ్రాందీ షాపు వుండాలా, అక్కర్లేదా అన్న విషయంలో మాత్రం పంచాయతీకి గాని, గ్రామసభకు గాని నిర్ణయాధికారం లేదు. లైసెన్సు ఇచ్చేది ఎక్సైజు శాఖ, రుసుము చేరేది రాష్ట్ర ఖజానాకు. సాయంత్రమయ్యేసరికి షాపు ముందు జరిగే గలాటాలు, రోడ్డు పక్కన పడే ఖాళీ సీసాలు, కూలి డబ్బులు ఇంటికి చేరని కాపురాలు మాత్రం ఊరికి మిగులుతున్నాయి. సారా వ్యతిరేకోద్యమానికి పుట్టినిల్లయిన ఈ జిల్లాలోనూ పరిస్థితి ఇందుకు భిన్నంగా లేకపోవడం గమనార్హం.

రెండే రోజుల వ్యవధి

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే నడిపిన మద్యం దుకాణాలను 2024లో తిరిగి ప్రైవేటు వ్యక్తులకు అప్పగించారు. మొత్తం 3,396 దుకాణాలకు దరఖాస్తులు పిలువగా దాదాపు 90 వేలు వచ్చాయి. తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుము ఒక్కొక్కదానికి 2 లక్షల రూపాయలు. ఆ రూపేణానే ప్రభుత్వానికి దాదాపు 1,800 కోట్ల రూపాయలు సమకూరాయి. దుకాణాలు దక్కినవారు అక్కడి జనాభాను బట్టి చెల్లించవలసిన లైసెన్సు రుసుమును ఏడాదికి 50 లక్షల నుంచి 85 లక్షల రూపాయల వరకు నిర్ణయించారు.

జిల్లా కేంద్రాలలో లాటరీ తీసింది 2024 అక్టోబరు 14న. దుకాణాలు తెరిచింది అక్టోబరు 16న. అంటే మధ్యలో వున్నది రెండే రోజులు. షాపు ఫలానా మండలానికి, ఫలానా పట్టణానికి అని ముందే ప్రకటిస్తారు గాని అందులో ఏ ఊళ్ళో, ఏ వీధిలో పెట్టాలన్నది నిబంధనలకు లోబడి లైసెన్సుదారు చూసుకుంటాడు. అందువల్ల తమ వీధికి షాపు వస్తున్నదన్న సంగతి చాలాచోట్ల బోర్డు కట్టేవరకు జనానికి తెలియదు. తెలిసిన తరువాత దండోరా వేయించి గ్రామసభ పిలవాలన్నా ఆ వ్యవధి చాలదు. ఈలోగా లైసెన్సుదారు లక్షల రూపాయలు కట్టివుంటాడు. అక్కడినుంచి అభ్యంతరం చెప్పే ఊరు ఒకవైపు, డబ్బు కట్టిన వ్యాపారి మరొకవైపు, డబ్బు తీసుకున్న ప్రభుత్వం వ్యాపారి పక్కన నిలుస్తున్నట్లవుతున్నది.

చట్టంలో ఏమున్నది?

రాజ్యాంగంలో మత్తు పానీయాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. తాగే మద్యంపై జి.ఎస్.టి. లేదు. దానిపై ఎక్సైజు సుంకం, అమ్మకపు పన్ను వేసుకునే హక్కు రాష్ట్రాల చేతిలోనే వుండిపోయింది. రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోగల ఆదాయమార్గాలు తగ్గిపోయిన ఈ రోజుల్లో మద్యం ఆదాయాన్ని ఏ ప్రభుత్వమూ తేలికగా వదులుకోలేదు. మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించేందుకు రాజ్యం కృషిచేయాలని అదే రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతున్నది. కాని అది ఆదేశిక సూత్రం, కోర్టు ద్వారా అమలు చేయించుకోగల హక్కు కాదు.

పంచాయతీలకు 73వ రాజ్యాంగ సవరణ ద్వారా అప్పగించదగినవిగా పేర్కొన్న అంశాలు 29. తాగునీరు, రోడ్లు, సంతలు, పారిశుధ్యం, కుటుంబ సంక్షేమం అందులో వున్నాయి. మద్యం లేదు. తాగుడు వల్ల చితికిపోయే కుటుంబం సంక్షేమం పంచాయతీ జాబితాలోకి వచ్చింది గాని, ఆ తాగుడుకు అనుమతి ఇచ్చే కలం మాత్రం రాలేదు.

ఇక ఊరివారికి మిగిలిన ఆధారం కొలతలు. బడికి, ఆసుపత్రికి, ప్రార్థనా స్థలానికి 100 మీటర్ల లోపు దుకాణం వుండరాదన్న నిబంధన వున్నది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇరవై వేలు, అంతకు తక్కువ జనాభా వున్న స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించింది. పురపాలక సంఘాల పరిధికి ఆ తీర్పు వర్తించదని అదే ఏడాది వివరణ వచ్చింది. పట్టణాల పోలికలున్న పంచాయతీల విషయం రాష్ట్రాలే చూసుకోవచ్చునని 2018లో మరో వివరణ వెలువడింది. ఇన్ని మలుపులలోనూ చర్చ అంతా టేపు చుట్టూ తిరిగిందే తప్ప, ఆ ఊరివారిని అడగాలా అన్న ప్రశ్న రాలేదు. బడికి 101వ మీటరున షాపు పెడితే నిబంధన నెరవేరినట్లే. ఆ దారినే బడికి వెళ్ళే పిల్లల సంగతి టేపుకు అందదు.

ఏజెన్సీకి ఒక న్యాయం, మైదానానికి మరొకటి

ఊరి మాటకు చట్టంలో చోటు అసలే లేదనడానికి వీల్లేదు. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరిస్తూ పార్లమెంటు 1996లో చేసిన ‘పేసా’ చట్టం ఆ చోటు కల్పించింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి వుండేలా చూడాలని ఆ చట్టం రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి నియమాలు 2011లో వచ్చాయి.

కాగా నెల్లూరు జిల్లాలో యానాదులు పెద్దసంఖ్యలో వున్నప్పటికీ షెడ్యూల్డు ప్రాంతం మాత్రం లేదు. కనుక పాడేరు కొండల్లోని గ్రామసభకు చట్టం ఇచ్చిన మాట కలిగిరి, ఉదయగిరి ప్రాంతాల గ్రామసభలకు లేదు. మద్యం చేసే హాని కొండకైనా మైదానానికైనా ఒకటే అయినప్పుడు ఊరి మాట విలువ రెండు రకాలుగా వుండడంలో న్యాయం కనిపించదు.

దూబగుంట నేర్పిన పాఠం

1992లో ఈ జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణం మూయించిన వైనం రాష్ట్రమంతటికీ తెలిసినదే. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, వాచకంలోని సీతమ్మ కథ చదివి, తమ ఊళ్ళోనూ అదే పని చేయాలని వారు కదిలారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే మారుమోగింది. సారా వేలంపాటలు సాగనివ్వకుండా ఊరూరా స్త్రీలు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు.

ఊళ్ళు కదిలి సాధించిన విజయం ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చింది. మద్యనిషేధం వరకు అది మరో ఉత్తర్వుతోనే పోయింది. అంత పెద్ద ఉద్యమం తరువాత కూడా తన షాపు సంగతి తానే తేల్చుకునే హక్కు మైదాన ప్రాంతంలోని ఏ ఊరికీ చట్టంలో రాసి ఇవ్వలేదు. ఆనాడు వచ్చిన నిషేధం మంచిదా, కాదా అన్నదానిపై భేదాభిప్రాయాలు వుండవచ్చు. ఆ హక్కు రాకపోవడం మాత్రం ఉద్యమానికి మిగిలిన వెలితి అనక తప్పదు.

ఇతర రాష్ట్రాల అనుభవం

రాజస్థాన్‌లో ఇందుకు 1975 నుంచే నియమాలు వున్నాయి. ఓటర్లలో 20 శాతం మంది కోరితే అధికారులు ఓటింగు జరపాలి. 51 శాతం మంది వద్దంటే దుకాణం మూయాలి. రాజ్‌సమంద్ జిల్లా కచ్ఛాబలీలో 2016 మార్చిలో ఇలా ఓటింగు జరుగగా, 2,886 మంది ఓటర్లలో 1,937 మంది మూసివేతకే ఓటు వేశారు.

మహారాష్ట్రలో ఈ ఓటు స్త్రీలది. వారిలో నాలుగోవంతు మంది అర్జీ పెడితే రహస్య ఓటింగు జరుపుతారు. బ్యాలెట్‌పై రెండు సీసాల గుర్తులు వుంటాయి. నిలబెట్టిన సీసాకు ఓటు వేస్తే షాపు వుండాలని, పడుకోబెట్టిన సీసాకు వేస్తే వద్దని అర్థం. జాబితాలోని మొత్తం స్త్రీ ఓటర్లలో సగం మంది వద్దనాలన్నది నియమం. పోలైన ఓట్లలో సగం వస్తే చాలదు. పనులకు వలసపోయినవారు, ఇంట్లోవారు గడప దాటనివ్వనివారు ఓటుకు రాకపోతే షాపుకు వేసినట్లే లెక్క.

ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకున్న రాష్ట్రమూ వున్నది. కేరళలో మద్యం దుకాణాలకు స్థానిక సంస్థల అనుమతి అవసరమన్న నిబంధనను 2017లో ఆర్డినెన్సు ద్వారా తొలగించారు. అధికారం చట్టంలో వున్నంత మాత్రాన చాలదని, దానిని నిలబెట్టుకునే మెలకువ కూడా స్థానిక సంస్థలకు వుండాలని దీనివల్ల స్పష్టమవుతున్నది.

అభ్యంతరాలూ వున్నాయి

ఊరికి ఓటు ఇస్తే షాపు పోయి బెల్టు షాపు వస్తుందన్నది ఎక్కువగా వినవచ్చే వాదన. ఇది కొట్టిపారేయదగినది కాదు. నిషేధం వున్న రోజుల్లో సరిహద్దులు దాటి సరుకు వచ్చిన సంగతి, నాటుసారా పెరిగిన సంగతి అందరూ ఎరిగినవే. అయితే లైసెన్సు షాపు వున్నచోట బెల్టు షాపులు లేవా అంటే, చిల్లరకొట్టు చాటున సీసా దొరకని గ్రామాలను వేళ్ళమీద లెక్కించవచ్చు. బెల్టు షాపును ప్రోత్సహించిన లైసెన్సుదారుకు మొదటిసారి 5 లక్షల రూపాయల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ముఖ్యమంత్రి 2024లో ప్రకటించవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

మరొక అభ్యంతరం ఇంతకంటె ఇబ్బందికరమైనది. ఊరి మాట అంటే ఎవరి మాట? కొన్నిచోట్ల బెల్టు షాపు నడుపుకునే హక్కును ఊరి పెద్దలే వేలంపాట పెట్టి, ఆ డబ్బు గుడికో, తిరునాళ్ళకో వాడుతున్న సంగతి రహస్యమేమీ కాదు. అటువంటిచోట పంచాయతీ తీర్మానం అధికారం చేతికి వస్తే ఊరికి మేలు జరుగుతుందన్న భరోసా లేదు. తీర్మానం కాగితం మీద వేలిముద్రలు వేయించడం కష్టమైన పని కాదు. చేతులెత్తే సభలో భర్త పక్కన, ఆసామి ఎదుట నిలబడి కూలి ఆడమనిషి తన మనసులో మాట చెప్పగలదని ఆశించలేము. అందువల్ల కావలసింది పంచాయతీ పెద్దల తీర్మానం కాదు, రహస్య ఓటు.

అడగవలసింది ముందు

2024లో వచ్చిన దుకాణాల విధానం 2026 సెప్టెంబరు 30 వరకు ఉద్దేశించినది. 2025లో మరో విధానం కింద పట్టణాలలోని బార్లకు సెప్టెంబరు 1 నుంచి మూడేళ్ళ కాలానికి లైసెన్సులు పిలిచారు. దుకాణాల పక్కనే కూర్చుని తాగే పర్మిట్ గదులకు కూడా అదే ఏడాది అనుమతి ఇచ్చారు. విధానం మారిన ప్రతిసారీ దుకాణాల సంఖ్య, రుసుము, సామాజిక కోటాలు చర్చకు వస్తున్నాయి. షాపు ఎవరి గుమ్మం ముందు వస్తుందో వారి అభిప్రాయం ఒక్కటే చర్చకు రావడం లేదు.

ఏ కొత్త నోటిఫికేషను వచ్చినా దానికి ముందే, లాటరీకి ఎవరూ రూపాయి కట్టకముందే, ఊరిని అడిగితే చిక్కులు చాలావరకు తగ్గుతాయి. వద్దన్న ఊరిని జాబితా నుంచి తప్పిస్తే వ్యాపారికి నష్టం లేదు, కోర్టు వ్యవహారం లేదు. కావాలన్న ఊరికి షాపు వస్తే ఆ తరువాత ధర్నాలకు దిగే అవసరమూ వుండదు. ఖజానాకు కొంత తగ్గవచ్చునన్నది నిజమే. ఆ తగ్గుదల ఎంతో తేల్చి చెప్పి, అంతమాత్రానికి ఊరి మాట కాదంటున్నామని ప్రభుత్వం బాహాటంగా ఒప్పుకున్నా కొంత మేలే.

అంతవరకు గ్రామాల చేతిలో వున్నవి చిన్న ఆయుధాలే. షాపు రాకముందే గ్రామసభలో తీర్మానం చేసి ఎక్సైజు అధికారులకు, కలెక్టరుకు పంపడం ఒకటి. బడి, గుడి, ఆసుపత్రి దూరాలను మనుషులు నడిచే దగ్గరి దారి వెంట కొలిపించి రాతమూలకంగా వుంచుకోవడం మరొకటి. వీటితో షాపు ఆగుతుందన్న హామీ లేదు. కాని బోర్డు కట్టిన తరువాత రోడ్డెక్కడం కంటె బోర్డు రాకముందు కాగితం పెట్టడం మేలు. షాపు వద్దని చెప్పడానికి 1992లో ఈ జిల్లా ఆడవారు ఎవరి అనుమతీ అడగలేదు. ఇన్నేళ్ళ తరువాతనైనా అదే మాటను లైసెన్సుకు ముందు, గొడవ లేకుండా, ఓటు రూపంలో చెప్పుకునే ఏర్పాటు కల్పించవలసిన బాధ్యత శాసనసభది.