వెట్టి కాదు, వైర్‌లెస్ (మా పల్లె గాలి – 9వ భాగం)



పోయిన ఆదివారం విజయవాడలో ఒక మీటింగుకి పిలిస్తే వెళ్లాను. మా పల్లెలో మేం పెట్టుకున్న వైర్‌లెస్ నెట్‌వర్క్ గురించి పావుగంట మాట్లాడాను. అయిపోయాక ఒక పెద్దమనిషి లేచి, చాలా ప్రేమగానే, "మీ కుర్రాళ్ల సేవాభావం గొప్పదండీ. పైసా తీసుకోకుండా ఇంత పని చేస్తున్నారు. ఇదే స్ఫూర్తితో చుట్టుపక్కల ఇంకో పది ఊళ్లకి కూడా చేసిపెట్టొచ్చు కదా" అన్నారు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు.

మా తాత ఊరికి వెట్టి. ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నా. కరణం రాసిన కాగితం పక్క ఊరికి చేరాలన్నా, తాసీల్దారు వస్తున్నాడని ముందే పరిగెత్తి చెప్పాలన్నా, శిస్తు కట్టమని వీధి వీధీ తిరిగి కేకెయ్యాలన్నా మాలపల్లి నుంచి వెట్టివాడు కదలాలి. ఎండా లేదు, వానా లేదు, రాత్రీ లేదు. కళ్లాల రోజుల్లో విదిలించిన గింజలే కూలి. 1984లో కరణాలూ మునసబులూ రద్దయ్యారు గానీ, మా ఇంట్లో ఆ చాకిరీ కథలు రద్దు కాలేదు. ఫోను లేని కాలంలో ఆ ఊరి వైర్‌లెస్ మా తాతే. కబురు మోసింది ఆయన. అందులో ఏముందో చదవడం ఆయనకి రాదు. దాని మీద హక్కు అసలే లేదు.

కాబట్టి "సేవ" అనే మాట వింటే మేం కొంచెం ఆగి ఆలోచిస్తాం. ఆ రోజు హాల్లో రెండు ముక్కల్లో చెప్పిన జవాబుని ఇక్కడ పూర్తిగా రాస్తున్నా.

అసలు ఈ నెట్‌వర్క్ ఎందుకు పెట్టాం? 2024 సెప్టెంబరు వరద వల్ల. బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపంతా మునిగినప్పుడు మా పిన్ని పక్కింటివాళ్ల రెండో అంతస్తు మీద రెండు రోజులు ఉంది. కరెంటు లేదు, ఫోను చచ్చిపోయింది. బతికుందో లేదో మాకు తెలియదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వస్తోంది, 2009 రికార్డుని కూడా దాటేసింది. మేమున్నది బ్యారేజీకి దిగువన. మా దగ్గరా కరెంటు పోయింది, రెండో రోజుకి సెల్ టవరూ ఆగిపోయింది. రాత్రి ఎవరో "కరకట్ట కోసుకుపోతోంది" అని అరిచారు. పిల్లల్ని చంకనేసుకుని, ముసలాళ్లని మంచాల మీద మోసుకుని చీకట్లో పరిగెత్తాం. తీరా చూస్తే కట్ట బాగానే ఉంది. అర కిలోమీటరు అవతల ఉన్న మాదిగపల్లెని ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది, కట్ట కనిపించేది వాళ్లకే. ఆ ఒక్క మాట అడిగే దారి లేకపోయింది.

"ఇప్పుడు అందరి చేతుల్లో 5జీ ఉంది కదా" అంటారు. ఉంది, టవరు బ్యాటరీ ఉన్నంతసేపు ఉంది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాక రీచార్జి అయిపోయిన ఫోన్లు పల్లెలో ఎన్ని ఉంటాయో వచ్చి చూడండి. ఇంటికి ఒక్క ఫోను, అది మగాడి జేబులో. ఇంకోటి కూడా ఉంది. 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. పుకార్లు ఆపడానికే కావచ్చు. కానీ భయంతో ఉన్న దళితవాడకి కూడా అదే తాళం పడింది. బయటి నెట్ ఆగినా పల్లె లోపలి మాట ఆగకూడదు. మేం అడుగుతున్నది అంతే.

ఇక గాలి ఎవరిది అన్న ప్రశ్న. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. అది ఊరుమ్మడి చెరువు, చట్టం ప్రకారం అందరిదీ, ఆచారంలో మనది కాదు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది కూడా తాగే నీళ్ల చెరువు దగ్గరే. గాలి సంగతీ అలాంటిదే. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుని లైసెన్సు లేకుండా వాడుకోమని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, యాంటెనా నుంచి వెళ్లే పవరు 4 వాట్లు దాటకూడదు. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో కూడా బాగా వెసులుబాటు ఇచ్చింది. బయటి ఇంటర్నెట్‌ని తెచ్చి అమ్మాలంటే రూల్సు వేరే, దానికి 2020 డిసెంబరులో వచ్చిన పీఎం-వాణి దారి ఉంది, చిన్న కిళ్లీకొట్టు కూడా లైసెన్సు ఫీజు లేకుండా చేరొచ్చు. పల్లె లోపల మన మాట మనం పంపుకోవడానికి మాత్రం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. చెరువు తెరిచే ఉంది. కడవ తీసుకుని మనం వెళ్లాలి, అంతే.

కానీ కడవ ఎక్కడ పెట్టాలి? వైర్‌లెస్‌కి కావాల్సింది ఎత్తు. డెల్టాలో కొండలుండవు, చదునుగా ఉంటుంది, కాబట్టి తేలికే అనుకున్నాం. పొరపాటు. ఒక యాంటెనాకి ఇంకో యాంటెనా కనిపిస్తే సరిపోదు. మధ్యలో తరంగం ఉబ్బుతుంది. రెండు కిలోమీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్‌లో సరిగ్గా మధ్యన అన్ని వైపులా దాదాపు ఐదు మీటర్ల గుండ్రం, అందులో కనీసం అరవై శాతమైనా ఖాళీగా ఉండాలి. మన గట్ల మీద కొబ్బరిచెట్లు ఆ గుండ్రంలోకే వస్తాయి. తడిసిన ఆకు సిగ్నల్‌ని మింగేస్తుంది.

ఊళ్లో అందరికంటే ఎత్తైంది మంచినీళ్ల ట్యాంకు. అడిగాం. "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" ఏడాదైంది, ఇంకా చూస్తూనే ఉన్నారు. విజయవాడ స్వరాజ్ మైదానంలో పీఠంతో కలిపి 206 అడుగుల అంబేద్కర్ నిలబడ్డాడు. మా ఊళ్లో ఒక అంబేద్కర్‌వాది ట్యాంకు మెట్లెక్కాలంటే మాత్రం అనుమతి దొరకదు. చివరికి మా చర్చి మీద పైపు పాతాం. పాస్టరుగారు ఒకే మాట అడిగారు, "సిలువ కంటే ఎత్తు పోదుగా?" పోలేదు.

చర్చి నుంచి పొలాల అవతల ఉన్న మా రెండో కాలనీకి సూటిగా లింకు రాలేదు. మధ్యలో కామందు గట్టు, గట్టు మీద చెట్లు. చెట్టు కొట్టమని అడిగే ధైర్యం ఎవరికుంది? సిగ్నల్‌ని వంచాలి. వంచాలంటే మాదిగపల్లెలో ఒక డాబా కావాలి.

ఇది రాయడం నాకు కష్టం, అయినా రాస్తున్నా. ఆ రోజుల్లో సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు తర్వాత రెండు పల్లెల మధ్య పెద్దగా మాటల్లేవు. మేం వెళ్లి డాబా అడిగితే అక్కడ ఒక పెద్దాయన అన్నాడు: "వరదప్పుడు మేం గుర్తు రాలేదు. ఇప్పుడు మా డాబా గుర్తొచ్చిందా? పెట్టె మా ఇంటి మీద, తాళం మీ చేతిలోనా?"

మా దగ్గర జవాబు లేదు. ఊరోళ్లు మమ్మల్ని ట్యాంకు ఎక్కనివ్వలేదని ఏడుస్తున్న మేం, మాదిగ ఇంటి డాబాని వట్టి స్తంభంలా చూశాం. వారం తర్వాత మళ్లీ వెళ్లాం. కమిటీలో సగం వాళ్లు. పాస్‌వర్డు రెండు పల్లెల్లోనూ ఉంటుంది. సెట్టింగులు మార్చే పని అక్కడి డిగ్రీ చదివిన ఒక చెల్లెలు నేర్చుకుంది. ఈ రోజు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ గురించి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కట్ట మీద నీళ్లు ఎంతున్నాయో ఆ డాబా నుంచి చూసి గొంతు మెసేజ్ పెడితే రెండు పల్లెల ఫోన్లలోనూ వినిపిస్తుంది, బయటి నెట్ లేకపోయినా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. పోయిన వేసవి చివర్లో గాలిదుమారం వచ్చి చర్చి మీద యాంటెనా తిరిగిపోయింది. కొన్ని గంటల్లో సరిచెయ్యాలని మేమంతా తొందరపెట్టాం. మా తమ్ముడు వరసయ్యే ఒక కుర్రాడు ఎక్కాడు. తాడు కట్టుకోలేదు. జారి పడ్డాడు. మణికట్టు విరిగింది. ప్రాణం పోలేదు, అది అదృష్టం. నెలన్నర పెయింటింగు పని లేదు. మేం చందా వేసి కట్టు కట్టించాం, "నీ సేవ మర్చిపోం" అన్నాం.

వాళ్లమ్మ నన్ను పక్కకి పిలిచి అంది: "ఏరా అబ్బాయ్, మీ తాతని ఊరు వాడుకుంది. నా కొడుకుని నువ్వు వాడుకుంటున్నావు. తేడా ఏంటో చెప్పు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అత్త అడిగింది న్యాయమే. ఊరు మనతో చేయిస్తే వెట్టి, మనం మనతో చేయించుకుంటే సేవ. పేరు మారింది, కూలి మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఊరికే పనిచెయ్యడం ఎవరికి కుదురుతుంది? నెల జీతం వచ్చేవాడికి ఆదివారం ఖాళీ. రోజుకూలికి ఖాళీ రోజంటే పస్తు రోజు. ఆంధ్రలో 2019 ఆగస్టు 15న వాలంటీర్లని పెట్టినప్పుడు ప్రభుత్వమే నెలకి 5,000 గౌరవ వేతనం ఇచ్చింది. అది చాలదన్నారు, 2024 తర్వాత ఆ వ్యవస్థే ఆగిపోయింది, ఆ రాజకీయం నేను మాట్లాడను. పని చేసేవాడికి డబ్బివ్వాలని మాత్రం ప్రభుత్వానికి కూడా తెలుసు. మన ఉద్యమాలకి ఎందుకు తెలియదు?

ముందు దారి నడిచినవాళ్లని చూద్దాం. మన పక్కనే, భీమవరం కేంద్రంగా, బైర్రాజు ఫౌండేషన్ ఇరవై ఏళ్ల కిందటే అశ్విని పేరుతో పశ్చిమగోదావరి పల్లెలకి దూరపు వైఫై లింకులు వేసింది. ఊళ్లో కూర్చున్నవాళ్లు డాక్టర్లతో, టీచర్లతో బొమ్మలో మాట్లాడారు. సాంకేతికంగా అది నిజంగా గొప్ప పని. రేడియోల కంటే టవర్లకే ఎక్కువ ఖర్చవుతుందని మనకి నేర్పింది కూడా అలాంటి నెట్‌వర్కులే. కానీ డబ్బు ఒక్క కుటుంబానిది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేఖ బయటికొచ్చాక ఆ ఊటకే దెబ్బ తగిలింది. దాత మంచివాడా కాదా అన్నది కాదు నా ప్రశ్న. ఊట మన దగ్గర లేకపోతే కాలవ మనది కాదు.

ఇటు తెలంగాణలో, జహీరాబాద్ దగ్గర మాచనూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడిపారు. మైకు వాళ్లది, గొంతు వాళ్లది, విత్తనాల మాట వాళ్లది. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఉంది, అందులో మన గొంతు ఎంత వినిపించింది? తేడా యంత్రంలో లేదు, అది ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది.

స్పెయిన్‌లో కాటలోనియా రైతుల ఊళ్లలో 2004లో మొదలైన గిఫీ.నెట్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ తీగలూ యాంటెనాలూ ఉమ్మడి. వాటి మీద వ్యాపారం చేసుకునేవాళ్లు వాడకాన్ని బట్టి నిర్వహణ ఖర్చు పంచుకోవాలి. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఉన్నారు, డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి ఆస్తి అంటే ఉచిత చాకిరీ కాదని వాళ్లు ముందే రాసుకున్నారు.

మేం ఆలస్యంగా రాసుకున్నాం. ఇప్పుడు కట్టగలిగిన ఇల్లు నెలకి 50 రూపాయలు కడుతుంది. వంద ఇళ్లు కడుతున్నాయి, 5,000. ఆ చెల్లెలికి 1,800, చెయ్యి బాగయ్యి తిరిగొచ్చిన ఆ కుర్రాడికి 1,800. మిగిలిన 1,400 బ్యాటరీలకి, ప్రమాద నిధికి. కట్టలేని ఇంటికి లింకు తియ్యం. తాడూ బెల్టూ లేకుండా ఎవరూ పైకెక్కకూడదు, సిగ్నల్ వారం రోజులు రాకపోయినా సరే. ఇది చాలే జీతం కాదని నాకు తెలుసు. కానీ పనికి ధర ఉందని మా పుస్తకంలో రాసి ఉంది.

ప్రభుత్వాన్ని కూడా అడుగుతున్నాం. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఆ డబ్బు మన జనాభా లెక్కన మనకి రావాల్సినది. స్తంభాలు, బ్యాటరీలు, సోలారు పలకలు అందులోంచి రావాలి. పెత్తనం మాత్రం పల్లె కమిటీకే ఉండాలి. మంచినీళ్ల ట్యాంకు మీద ఒక మూర పైపు పెట్టుకునే అనుమతి కూడా రావాలి, అది ప్రజల ట్యాంకు కాబట్టి.

హాల్లో లేచిన ఆ పెద్దమనిషికి నా జవాబు ఇది. అయ్యా, పది ఊళ్లకి వస్తాం. నేర్పిస్తాం. బస్సు చార్జీ, భోజనం, రోజు కూలి ఇవ్వండి. ఆ ఊరి మాలపల్లీ మాదిగపల్లీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. తాళం వాళ్ల దగ్గరే ఉండాలి. ఈ షరతులకి ఒప్పుకుంటే రేపే బయల్దేరతాం. సేవ కోసమైతే మా తాత చేసింది చాలు.

వచ్చే భాగంలో బ్యాటరీల లెక్కలూ, మేం చేసిన తప్పులూ రాస్తా.

జై భీమ్.