ఎర్తింగ్ పెడితే ఎఫ్‌పీఎస్ పెరుగుతదా అన్నా?

మొన్న ఫిబ్రవరిలో తాండూరు నుంచి మా చిన్నాయన ఫోన్. కంది అమ్మిన పైసలు చేతికొచ్చాయట. "పిలగాడు కంప్యూటర్ కంప్యూటర్ అని పానం తీస్తుండు. యాభై వేల దాకా పెడత. ఏది మంచిదో నువ్వే చూడు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి కంప్యూటర్ పార్టులన్నీ తెలిసే ఉంటాయని మనవాళ్ళ గట్టి నమ్మకం. పొద్దస్తమానం జావా రాసుకుని బతికేవాణ్ణి, నాకేం తెలుసు అంటే వింటారా? అయినా ఈ విషయంలో నాకు కొంచెం చెయ్యి కాలిన అనుభవం ఉంది కాబట్టి సరే అన్నాను.

తమ్ముడి దగ్గర లిస్టు ముందే రెడీగా ఉంది. 2025 జూన్‌లో యూట్యూబ్ వీడియోలు చూసి రాసుకున్నది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 కార్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ, అద్దాల క్యాబినెట్లో రంగురంగుల ఫ్యాన్లు. మానిటర్ ఎట్లాగూ పాతదే. అప్పట్లో అంతా కలిపి 49 వేలయ్యేది. తప్పు పట్టడానికి లేదు, ఆ డబ్బుకి మంచి లిస్టే.

కానీ కంది కోతకొచ్చి, అమ్ముడయ్యేలోగా ర్యామ్ ధర ఎక్కడికో పోయింది. ఏఐ డేటాసెంటర్ల కోసం మెమరీ చిప్పులు చేసే కంపెనీలు అటు మళ్ళాయి. 2025 డిసెంబర్లో మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నట్టు ప్రకటించింది. జూన్‌లో మూడు వేలన్న 8+8 డీడీఆర్4 జత నేను సికింద్రాబాద్ సీటీసీలో అడిగిన రోజున మూడింతలు పైనే చెప్పారు. 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందిపప్పుకి రేటు ఎంత కావాలో రైతు చెప్పలేడు గానీ, ఎక్కడో అమెరికాలో డేటాసెంటర్ కట్టినవాడు మాత్రం తాండూరు పిలగాడి ర్యామ్ రేటు నిర్ణయిస్తాడు. సరే, అది వేరే గోల.

ఇప్పుడు యాభై వేలల్లో ఏదో ఒకటి తగ్గించాలి. ఏది? మనలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తాం. గచ్చిబౌలిలో ఏసీ గదిలో కూర్చుని, బెంచ్‌మార్కులు చూసి, రెండు ఫ్రేములు ఎక్కువొచ్చే దగ్గర డబ్బు పెట్టి, పవర్ సప్లై దగ్గర కోసేస్తాం. ఊళ్ళో కంప్యూటర్‌కి ముందు కావలసింది బతికి ఉండటం. ఎఫ్‌పీఎస్ సంగతి ఆ తరవాత.

నా చెయ్యి కాలిన కథ ఇదే. 2017లో, ఇంజనీరింగ్ చదివేటప్పుడు, వికారాబాద్‌లో మా ఇంట్లో ఒక అసెంబుల్డ్ పీసీ పెట్టాం. క్యాబినెట్‌తో పాటే వచ్చిన పవర్ సప్లై, దాని మీద 500 వాట్లు అని స్టిక్కర్. అది ఫ్రీగా వచ్చినట్టే లెక్క అని సంబరపడ్డాను. వానాకాలం ఒక సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, వచ్చింది. పవర్ సప్లై పోతూ పోతూ మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్కునీ వెంట తీసుకుపోయింది. అందులో మా అక్క పెళ్ళి ఫోటోలున్నాయి. వాటికి వేరే కాపీ లేదు. ఇప్పటికీ పండగకి వెళ్తే ఆ మాట ఎత్తుతుంది.

లెక్క చూస్తే ఆర్‌ఎక్స్ 6600 తినేది 132 వాట్లు, ప్రాసెసర్ రేటింగ్ 65 వాట్లు. 550 వాట్ల పవర్ సప్లై ధారాళంగా సరిపోతుంది. అసలు ప్రశ్న ఎన్ని వాట్లని కాదు, అందులో వోల్టేజ్ పెరిగితే ఆగిపోయే రక్షణ నిజంగా ఉందా అన్నది. 80 ప్లస్ అనే ముద్ర కూడా ఆ సంగతి చెప్పదు, అది చెప్పేది ఎంత కరెంటు వృథా అవుతుందో మాత్రమే. అందుకే పేరున్న మోడల్, అయిదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకున్నాం. ఇంట్లో పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే పీసీని దాని మీద నడపకండి, కొన్ని మంచి పవర్ సప్లైలకు అది పడదు.

తరవాత ఎర్తింగ్. చిన్నాయన ఇంట్లో టీవీ సెట్‌టాప్ బాక్స్ పట్టుకుంటే చిన్నగా జుమ్మంటుంది. "గది ఎప్పటి నుంచో గట్లనే ఉన్నది" అని చిన్నమ్మ తేలిగ్గా తీసేసింది. గోడకి మూడు రంధ్రాల సాకెట్టే ఉంది, కానీ మూడో దాని వెనక వైరే లేదు! కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ ఇనప డబ్బా మీద 230లో సగం, అంటే దగ్గర దగ్గర 115 వోల్టులు కూర్చుంటాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జుమ్మనడంతో సరిపోతుంది, కానీ లోపల ఏదన్నా వైరు తెగి బాడీకి తగిలితే సంగతి వేరు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. మామూలుగా గుంత తవ్వి పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేస్తారు. తాండూరులో నాలుగడుగులు తవ్వగానే బండ తగిలింది. నాపరాయికి పేరుపడ్డ ఊరాయె! పెరట్లో ఇంకో మూల, బావి పక్కన, మట్టి ఉన్నచోట వెతికి వేయాల్సి వచ్చింది. మొత్తం నాలుగు వేలు. అప్పుడే తమ్ముడు ఏడుపు మొహం పెట్టి అడిగాడు, "ఎర్తింగ్ పెడితే ఎఫ్‌పీఎస్ పెరుగుతదా అన్నా?" అని.

ఇంకో పేచీ ప్రాసెసర్ దగ్గర. వీడియోలవాళ్ళంతా 5600 కొనమంటారు, లేదా ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరం ఉన్నవి. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి చవక. నేను పట్టుబట్టి 5600జీ కొనిపించాను. క్యాష్ సగమే, ఆటల్లో 5600 కన్నా కొంత వెనకే, ఒప్పుకుంటాను. కానీ కార్డు పాడైతే హైదరాబాద్‌లో పక్క గల్లీ సర్వీస్ సెంటర్‌కి పోయినట్టు కాదు. తాండూరు నుంచి రైలెక్కి, సికింద్రాబాద్‌లో ఇచ్చి, రెండు మూడు వారాలు ఆగాలి. అన్ని రోజులూ స్క్రీన్ నల్లగా ఉంటే చదువూ ఆటా రెండూ లేవు. జీ ఉంటే కార్డు లేకపోయినా పని నడుస్తుంది. ఈ తేడా బెంచ్‌మార్కులో కనపడదు.

సీటీసీలో ఇంకో ఎర కూడా తగిలింది. "ఐ7, 16 జీబీ, పన్నెండు వేలకే" అని. తీరా చూస్తే మూడో తరం ఐ7, అంటే 2012 నాటి సరుకు. 2022లో వచ్చిన ఐ3 12100కీ దానికీ కోర్లు నాలుగే, కానీ వేగంలో పోలికే లేదు. పైగా దాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మావాడికి ప్రాణమైన వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది. ఐ7 అన్న మాటకి పడిపోయే తండ్రులు ఎంతమందో!

అసలు ఇబ్బంది పార్టులతో కాదు, చిన్నాయన అడిగిన ప్రశ్నతో వచ్చింది. "గిది సదువుకేనా, గేమ్‌లకా?" తమ్ముడు నా వంక చూశాడు. వాడు ముందే చెప్పి పెట్టాడు, ఏఐ నేర్చుకోవడానికి కార్డు కావాలని. నేను కూడా ఊఁ అని తల ఊపేశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నిజమే అయితే లిస్టే తప్పు. ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్లో ఎక్కువ భాగం ఎన్విడియా వాళ్ళ కూడా మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 లాంటిది చూడాలి. ఆర్‌ఎక్స్ 6600 మంచి కార్డే, ఆటలకి. అబద్ధం చెప్పి ఆటల కార్డు కొనిపిస్తే రేపు నిజంగా నేర్చుకుందామనుకున్న రోజున అది పనికిరాదు, అప్పుడు మళ్ళీ ఆయన ముందే చెయ్యి చాపాలి.

మర్నాడు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చిన్నాయనా, కంప్యూటర్ అంతా చదువుకి పనికొస్తది, కార్డు మాత్రం ఆటలకే, అని. కాసేపు మాట్లాడలేదు. తరవాత "మరి ఆ ముక్క నిన్న చెప్పొచ్చు కదరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి కార్డు లేకుండా 5600జీ, బీ550 బోర్డు, 8+8 ర్యామ్ కొన్నాం. ర్యామ్ ఎంత మండినా ఒక్క స్టిక్‌తో సరిపెట్టుకోలేదు, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే, ఒక్కటే పెడితే దాని దారి సగానికి కుంచించుకుపోతుంది. అద్దాల క్యాబినెట్ బదులు ముందు జాలీ, దాని వెనక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది. వీధి చివర పాలిషింగ్ యూనిట్ ఉంది మరి, కిటికీ తీస్తే బల్ల మీద తెల్లటి పొడి. నేల మీద కాకుండా బల్ల మీద పెట్టమన్నాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోమని మూడుసార్లు చెప్పాను.

38 వేలు, ఎర్తింగ్‌తో 42. మిగిలిన ఎనిమిది వేలు చిన్నాయన దగ్గరే ఉన్నాయి. తమ్ముడు సెట్టింగులు తగ్గించుకుని వాలరెంట్ ఆడుకుంటున్నాడు, వంద ఫ్రేములకి అటూ ఇటూగా వస్తున్నాయట. ఏ కార్డు కొనాలో పరీక్షలయ్యాక వాడే చెప్తానన్నాడు. ఈలోగా చిన్నమ్మ ఫోన్ చేసి, టీవీ డబ్బా ఇప్పుడు జుమ్మనడం లేదు, ఏమన్నా పాడైందా అని అడిగింది :)