ఐ.పి. పెట్టేముందు మీ సంతకం ఎక్కడుందో చూసుకోండి

"ఫలానా వాళ్ళు ఐ.పి. పెట్టేశారట" అని ఇరుగుపొరుగు చెప్పుకుంటుంటే మీరూ వినే ఉంటారు. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు. ఒక్క కాగితంతో అప్పులన్నీ ఎగిరిపోతాయని చాలామంది అనుకుంటారు. అంత తేలికేం కాదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మామూలు కుటుంబాలకు ఇప్పటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది గానీ, అందులో వ్యక్తుల భాగాన్ని 2019లో కంపెనీల బాకీలకు హామీ పడ్డవాళ్ళ వరకే అమల్లోకి తెచ్చారు. పాత చట్టం ప్రకారం అయిదొందల రూపాయల అప్పుండి తీర్చలేకపోయినా కోర్టుకెళ్ళొచ్చు. ఆ రోజుల్లో అయిదొందలంటే మాటలా మరి!

మీవారు వ్యాపారంలో దెబ్బతిన్నారనుకోండి. తనే ఐ.పి. పెట్టొచ్చు. అప్పులవాళ్ళే ఆయన మీద పెట్టనూవచ్చు. దివాలా ఉత్తర్వు వచ్చాక కోర్టు ద్వారా రాజీకి రావడం ఇంకో దారి. రూపాయికి ఇంత, ఇన్ని వాయిదాల్లో ఇస్తానని అడగడమన్నమాట. బాకీ రుజువు చేసుకున్నవాళ్ళలో సగానికి మించి, బాకీ విలువలో ముప్పాతిక వంతు ఉన్నవాళ్ళు ఒప్పుకుని, కోర్టు ఆమోదిస్తే, కాదన్నవాళ్ళూ దానికి కట్టుబడాల్సిందే. కొట్టు ఇంకా నడుస్తూ ఎంతో కొంత చేతికొస్తుంటే ముందు రాజీయే చూడమంటాను నేను. రాబడి లేదు, అన్నీ చేబదుళ్ళూ ప్రోనోట్లే అంటే అప్పుడు ఐ.పి. సంగతి ఆలోచించాలి.

ఇల్లు బ్యాంకులో తాకట్టులో ఉంటే, బంగారం కుదువలో ఉంటే, ఐ.పి. వాటిని విడిపించదు. చెక్కు బౌన్సు కేసూ ఆగదు. మోసం చేసి తెచ్చిన అప్పు, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ, కోర్టు వేసిన మనోవర్తి, ఇవి దివాలా తీసినా పోవు.

ఇప్పుడు మీ సంగతి. ప్రోనోటు మీద ఆయనతోపాటు మీరూ సంతకం చేశారా? హామీ పడ్డారా? అయితే ఆయనకి కోర్టు విముక్తి ఇచ్చినా మీకు రాదు. అప్పులవాళ్ళు నేరుగా మీ గుమ్మంలోకే వస్తారు. అందుకే ఆయన ఒక్కరే పెట్టాలా, మీరూ మీ తరఫున పెట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎక్కడా సంతకం చేయకపోతే మాత్రం ఆయన అప్పు మీ అప్పు కాదు. పుట్టింటివారు పెట్టిన నగలు మీవే.

"ఇల్లు నీ పేర రాసేస్తా, తర్వాత ఐ.పి. పెడతా" అంటే సంబరపడకండి. ఊరికే రాసిచ్చిన రెండేళ్ళలోగా పిటిషన్ పడి దివాలా ఉత్తర్వు వస్తే, ఆ రాతను కోర్టు రద్దు చేయొచ్చు. మోసంతో ఆస్తి దాచారని తేలితే ఆయనకి ఏడాది దాకా జైలు కూడా. (ఈ సలహా ఇచ్చే స్నేహితులు ఆ రోజున కనబడరు లెండి!)

అన్నీ ఊడ్చుకుపోతారన్న భయం మాత్రం వద్దు. కట్టుబట్టలు, వంట గిన్నెలు, పక్కబట్టలు జప్తు చేయకూడదు. ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని నగల్నీ ముట్టుకోకూడదు. మంగళసూత్రం అలాంటిదే. డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదని కూడా చట్టమే చెబుతోంది.

దివాలా ఉత్తర్వు వచ్చాక విముక్తి కోసం కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆలోగా దరఖాస్తు చేసుకోకపోతే ఆ ఉత్తర్వే రద్దవుతుంది. వకీలు ఫీజుకి వెనకాడుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. వెళ్ళేటప్పుడు ఎవరికెంత బాకీయో రాసిన చిట్టా, మీరు సంతకం చేసిన ప్రతి కాగితం నకలు పట్టుకెళ్ళండి. నకళ్ళు లేకపోతే, గుర్తున్నంతవరకు ఎవరి దగ్గర ఎప్పుడు సంతకం చేశారో ఓ కాగితం మీద రాసుకెళ్ళినా సరే.